జనానా అత్తరు ఒలికిన రోజు

అత్తరు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "ముక్కు ఎట్ల తయారైతాది అవ్వా?" అని. అదేమంత కష్టం కాదు. జలుబు చేయకుండా చూసుకుంటూ, నశ్యం జోలికి పోకుండా, రోజూ నాలుగు వాసనలను పలకరిస్తూ ఉంటే కొన్నేళ్లకు ఎవరికైనా ముక్కు వస్తుంది. కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. ఎదుటి మనిషి నోరు విప్పి చెప్పని సంగతి మన ముక్కుకు తెలిసిపోతుంది. తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నేర్పేవాళ్లు ఉండరు.

నేను ప్రొద్దుటూరులో ఒక అత్తరు అంగడి తరఫున ఇళ్లకు తిరిగిన మనిషిని. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా జమ్మలమడుగు, పులివెందుల, వాటి చుట్టుపక్కల పల్లెలు బస్సుల్లోనూ ఎద్దుల బండ్లలోనూ తిరిగాను. అంగడి ఎంత పెరిగింది, నాకు ఏం ముట్టింది అన్నది వదిలేద్దాం. ఒక అత్తరు గురించి, ఒక పెండ్లి గురించి రాస్తాను. అందులోని పెద్దలు ఇప్పుడు లేరు. అయినా పేర్లు మార్చాను, పల్లె పేరు రాయడం లేదు.

దూది నుంచి అత్తరుకు

మేము దూదేకులవాళ్లం. నమాజు మసీదులో, మాట తెలుగులో. మా నాయన విల్లుతో దూది ఏకేవాడు. కరీం సాయిబు అత్తరు అంగడికి దూది మా ఇంటినుంచే పోయేది. అత్తరులో తడిపి చెవి మడతలో పెట్టుకునే చిన్న దూది ఉండను ఫాయా అంటారు. దూదిలో గింజ పొట్టు కాస్త మిగిలినా అత్తరు వాసన చెడుతుందని సాయిబు రంకెలు వేసేవాడు. నేను ఏరి ఇచ్చిన దూదిలో పొట్టు ఉండేది కాదు. ఆ పనిలో నాకున్న అర్హత అంతే.

సాయిబుకు ఒక ఆడమనిషి అవసరం పడింది. పెద్దిళ్ల ఆడవాళ్లు అంగడి మెట్లు ఎక్కరు. సాయిబు ఇంటి ఆడవాళ్లు గోషా దాటరు. మగవాళ్లు వచ్చి "ఏదో ఒగటి ఇయ్యప్పా" అని కొనుక్కుపోయి ఇంట్లో తిట్లు తినేవాళ్లు. అందుకని నన్ను పెట్టుకున్నాడు. మా ఆయన పరుపులు కుట్టేవాడు, ఆయనకు అభ్యంతరం లేకపోయింది.

ఉన్నమాట చెప్పాలంటే సాయిబు మంచి గురువు, చెడ్డ యజమాని. అంగట్లో టీ తాగనిచ్చేవాడు కాదు, మజ్జిగలో ఉల్లిగడ్డ నంజుకున్నానని ఒకసారి రోజంతా వీధి అరుగు మీద కూర్చోబెట్టాడు. కానీ నేర్పడంలో ఆయన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. గుడ్డ పీలికలకు ఎప్పుడెప్పుడో అత్తరు పూసి దాచి, ఒక్కొక్కటే నా ముక్కు దగ్గర పెట్టేవాడు. ఇదేంది అని అడిగేవాడు కాదు. "ఇది ఎప్పటిది?" అని అడిగేవాడు.

"పొద్దున పూసినాది సాబ్."

"కాదు. నిన్న సాయంత్రంది. పో, బయట గాలి పీల్చుకోనిరా."

మళ్లీ వచ్చి మళ్లీ తప్పు చెప్పేదాన్ని. ఏది ఏ పువ్వు అన్నది ముందే వచ్చేసింది. ఎప్పటిది అన్నది రావడానికి ఏండ్లు పట్టింది. వచ్చాక మాత్రం వద్దన్నా పోలేదు.

జనానా

ఆ అంగట్లో ఆడవాళ్ల అత్తరు ఒకటే. దాని పేరు జనానా. సాయిబు తాత కలిపిందట. గండికోట రాణులు పూసుకునేవాళ్లని సాయిబు చెప్పేవాడు, నేనూ ఇంటింటా చెప్పాను. అది శుద్ధ అబద్ధం. తాత తన పెండ్లాం కోపం తీర్చడానికి కలిపాడని సాయిబు తల్లి నాకు నవ్వుతూ చెప్పింది. ఆ ముసలమ్మ మాటే నేను నమ్ముతాను. అందులో కస్తూరి ఉందని చెప్పడం కూడా వ్యాపారమే. ఉన్నది కస్తూరి బెండ గింజల నూనె.

మిగతావన్నీ నిజమైనవే. అడుగున మైసూరు వైపు గంధపు నూనె. దాని మీద ఉత్తరాది గులాబీ, గంజాం వైపు నుంచి వచ్చే మొగలి. మన దగ్గరే పండే దవనం, మరువం. చివర వట్టివేరు. సీసా మూత తీయగానే మొగలి మీదపడుతుంది, కొత్త కోడలు మొదటిరోజు మాట్లాడినట్టు కొంచెం గట్టిగానే ఉంటుంది. కాసేపటికి గులాబీ సర్దుకుంటుంది. ఎండ ఎక్కేవేళకు అవి తగ్గి దవనం పైకి వస్తుంది. సాయంత్రానికి గంధం, ఆ గింజల తీపి. మర్నాటికి ఒంటి మీద గంధమూ వట్టివేరూ మాత్రం మిగులుతాయి. అది స్నానానికి పోదు. సున్నిపిండితో రుద్దినా పోదు. జనానా గొప్పతనం అదే, మా అందరి ప్రాణం మీదకు తెచ్చిందీ అదే.

పెద్దిళ్లకు సాయిబు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పాళ్లు కలిపేవాడు. ఒక ఇంటికి మొగలి ఎక్కువ, ఇంకో ఇంటికి దవనం ఎక్కువ. ఒకరిది ఇంకొకరికి ఇచ్చేది లేదు. ఆ ఇంటి ఆడవాళ్లు పక్క ఊరి పెండ్లికి పోతే, చూడకుండానే ఎవరింటి వాళ్లో చెప్పగలిగేదాన్ని. మద్రాసు నుంచి చవక సెంట్లు దిగాక ఈ పద్ధతి పోయింది. వాటిలో స్పిరిట్ ఉంటుంది, గుప్పుమంటుంది, అన్నం ఉడికేలోపు మాయమవుతుంది. ఇప్పుడు మనవళ్లు కువైట్ నుంచి తెచ్చేవీ అంతే. అందంగా ఉంటాయి, కాదనను.

అత్తరు మానుకునే వేళలు

ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. మొగుడు ఊర్లో లేనప్పుడు ఆడది అత్తరు పూసుకోదు. తిరిగొచ్చిన రోజు పూసుకుంటుంది. మొగుడు పోయినావిడ ఇక ఎప్పటికీ పూసుకోదు. అందువల్ల నాలాంటిదానికి గడపలో అడుగు పెట్టగానే ఆ ఇంటి మగవాళ్లు ఎక్కడున్నారో తెలిసిపోయేది.

నాకు ముందు ఈ పని చేసిన బీబీజాన్ ఒక ఇంట్లో నోరు జారింది. మొగుడు మద్రాసులో ఉంటే ఫలానా కోడలు అత్తరు పూసుకుని తిరుగుతోందని చెప్పింది. ఆ పిల్లను పుట్టింటికి తరిమారు. తీరా ఆ మొగుడు ముందురోజు రాత్రే ఇంటికి వచ్చి, తెల్లారకముందే పొలానికి పోవడంతో వీధిలో ఎవరికీ కనబడలేదు, అంతే. సాయిబు బీబీజాన్‌ను ఆ పూటే పంపేశాడు. నన్ను పెట్టుకున్న రోజు వేలు చూపించి చెప్పాడు: "ఒగింటి వాసన ఇంగో ఇంట్లో ఎత్తితివా, ఈ అంగడి మెట్లు నీకు ల్యా."

బీబీజాన్ చెడ్డది కాదు. తెలిసింది కదా అని చెప్పింది. నాకు ఆమె కథ విన్నప్పటినుంచీ భయం పట్టుకుంది. ఇళ్లలో అవసరానికి మించి ఊపిరి పీల్చాలన్నా జంకేదాన్ని.

పులివెందుల పక్క పల్లెలో

పులివెందులకు దగ్గర పల్లెలో వెంగమ్మవ్వ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆమె కొడుకు సంజీవుడు, కోడలు సుభద్ర. ఆ ఇంటివాళ్లకు కాలువ నీళ్ల దగ్గర జమ్మలమడుగు వైపు బంధువులతో గొడవ వచ్చింది. ఆ తోపులాటలో అవతలి పెద్దమనిషి దెబ్బ తగిలి చనిపోయాడు. ఎవరు కొట్టారో గుంపులో ఎవరూ చూడలేదు. కేసులో సంజీవుడి పేరు పడింది. అతను ఊరు విడిచి పోయాడు. బళ్లారిలో ఉన్నాడని కొందరు, అసలు లేడని కొందరు అనేవాళ్లు. చనిపోయినాయన భార్య రాములమ్మ. జమ్మలమడుగులో ఉండేది. ఆమె నా పాత గిరాకీ, దవనం ఎక్కువ వేసిన జనానా ఆమె ఇంటిది. అంత ముక్కు ఉన్న ఆడమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మొగుడు పోయినాక సహజంగానే అత్తరు మానేసింది.

ఏడాది తిరిగాక పెద్దలు రాజీ చేశారు. సంజీవుడి చెల్లెలిని రాములమ్మ మరిది కొడుక్కు ఇవ్వాలి. సంజీవుడు మాత్రం ఊరి పొలిమేరలోకి రాకూడదు. వచ్చాడని తెలిస్తే రాజీ లేదు, అతని ప్రాణానికి పూచీ లేదు. ఇది అందరి ఎదుట అనుకున్న మాట.

పెండ్లికి ముందురోజు పొద్దున నేను అత్తరు తీసుకుని ఆ ఇంటికి చేరాను. పెండ్లికూతురికి పూశాను, వచ్చిన చుట్టపు ఆడవాళ్లకు ఫాయాలు పెట్టాను. మధ్యాహ్నానికి మగపెండ్లివారు దిగుతారని హడావుడిగా ఉంది. సుభద్ర ఇత్తడి పళ్లెంలో తమలపాకులు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆమెకు మామూలుగానే పూయలేదు, మొగుడు ఊర్లో లేడు కదా. వంగి పళ్లెం పెట్టి లేచిందో లేదో నా ముక్కుకు వాసన తగిలింది.

గంధం. గింజల తీపి. కింద వట్టివేరు. నా సీసాది కాదు అది. నిన్నటిది.

నేను చేయి తుడుచుకునే నెపంతో లేచి, ఆ పిల్లను పెరట్లోకి, గడ్డివామి వెనక్కి తీసుకుపోయాను. ఆమె నా ముఖం చూసి తెల్లబోయింది.

"ఏం చేస్తివి తల్లీ?" అన్నాను.

"పెండ్లప్పటి సీసాలో అడుగున రోంత ఉండె రసూలమ్మక్కా. చెల్లెలి పెండ్లి కండ్లతో చూసిపోతానని వచ్చినాడు. ఏడాది దాటినాది మనిషిని చూసి. పూసుకోకుంటే ఎట్ల? రోంతే పూసుకున్న్యా. తెల్లారి తలకు పోసుకున్న్యా గదా, పోలేదా?"

"పోలేదు. పోదు."

"ఇంగెవురికి తెల్చాదిలే అక్కా. నీ మాదిరి ముక్కు ఎవురికుంటాది?"

"మగపెండ్లోళ్లతో ఎవరొస్తాండారో తెల్సునా నీకు? రాములమ్మ వస్తాంది."

ఆ పిల్ల అక్కడే గడ్డి మీద కూలబడింది. అతను ఇంట్లోనే ఉన్నాడా, వెళ్లిపోయాడా అని నేను అడగలేదు. అడగకముందే ఆమె చూపు మిద్దె మీది పత్తి గది వైపు పోయి వచ్చింది. ఆ చూపు చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మొగుడు పోయిన ఆడదాన్ని పెండ్లికి ఎవరూ ముందు నడిపించి తీసుకురారు. రాములమ్మను వాళ్ల మగవాళ్లు తెస్తున్నది పెండ్లి చూడ్డానికి కాదు, ఇల్లు చూడ్డానికి. మగవాళ్లు పోగూడని గదుల్లోకి ఆడమనిషి పోగలదు. ఆ సంగతి అప్పుడే నాకు తట్టింది. వెంగమ్మవ్వను పిలిచి చెప్పాను. ఆ ముసలావిడ కోడలిని తిట్టలేదు. సీకాయ, పసుపు, శనగపిండి, ఉన్నవన్నీ తెచ్చి కోడలి మెడ, చేతులు ఎర్రగా కమిలేదాకా రుద్దింది. ప్రతిసారీ నా వైపు చూసేది. నేను వాసన చూసి తల అడ్డంగా ఊపేదాన్ని.

"గదిలో పెడ్దాం, జొరమొచ్చినాదని చెప్దాం" అంది అవ్వ.

"ఇంటి పెద్దకోడలు కాళ్లకు నీళ్లియ్యకుండా దాక్కుంటే వాళ్లు ఊరుకుంటారా అవ్వా?"

ఇంతలో వీధిలో మేళం వినబడింది.

ఆ తరువాతి కాసేపు నేను బతికిన బతుకులో అన్నిటికంటే పొడవైనది. మగవాళ్లు పందిట్లో ఆగారు. ఆడవాళ్లు లోపలికి వచ్చారు. చివర రాములమ్మ, బోసి మెడతో, నెత్తిన కొంగుతో వచ్చి, పందిరి దాటి వంటింటి పక్క వసారాలో కూర్చుంది. చూపు నేల మీద ఉంది. ముక్కుపుటాలు మాత్రం కదులుతున్నాయి. సుభద్ర చెంబుతో నీళ్లు తీసుకుని ఆమె దగ్గరికి నడిచింది. చెంబులో నీళ్లు తొణుకుతున్నాయి. ఏడ్చిన కళ్లు, కమిలిన చేతులు. రాములమ్మ చెంబు అందుకోబోయి, చెంబుతో పాటు ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

నా చేతిలో నిండు సీసా ఉంది, మూత తీసి ఉంది. నేను ఆలోచించలేదు. గబగబా అడుగు వేసి, ఆకుల పళ్లెం కాలికి తగిలినట్టు తూలి, సీసా మొత్తం సుభద్ర భుజం మీద ఒంపేశాను. ఆమె చీర తడిసింది, రాములమ్మ చేతి మీద కూడా పడింది. మొగలి గుప్పున లేచి వసారా అంతా నిండిపోయింది. ఒక ముసలమ్మకు తుమ్ములు ఆగలేదు.

"అయ్యో అయ్యో, నా చేతులు విరగ! మొగుడు ఊర్లో లేని పిల్ల మీద పోస్తినే!" అని నెత్తి కొట్టుకున్నాను. ఆ ఏడుపు నటన కాదు, అప్పటిదాకా ఆపుకున్న భయమంతా అది.

ఆడవాళ్లు తలా ఒక మాట అన్నారు. వెంగమ్మవ్వ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది, ఆమె కళ్లు మాత్రం నాకు దండం పెడుతున్నాయి. రాములమ్మ సుభద్ర చేయి వదిలి, తన చేతి మీద పడిన చుక్కలను కొంగుతో మెల్లగా తుడుచుకుంది. నన్ను ఒక్కసారి తలెత్తి చూసింది.

"సీసా అంతా పాయె గదమ్మే" అంది. "నీ చెయ్యి ఎప్పుడూ వణకదే."

ఆ రోజంతా పందిట్లో ఎవరు గట్టిగా పిలిచినా ఇక అయిపోయిందనుకున్నాను. వాళ్ల మగవాళ్లు రెండుసార్లు ఆమెను పక్కకు పిలిచి ఏదో అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపడం దూరంగా కనిపించింది. మర్నాడు ముహూర్తం దాటింది, పిల్ల అత్తవారింటికి బయలుదేరింది, ఎవరి మీదా చేయి పడలేదు. నేను బస్సెక్కాను. అయినా భయం దిగలేదు.

చేయి వణికే మనిషి

మా పనిలో అత్తరు ఒలకబోయడం అంటే మంగలి గొంతు కోయడం లాంటిది. వార్త నాకంటే ముందే ప్రొద్దుటూరు చేరింది. సాయిబు అడిగాడు, "ఎట్ల ఒలికినాది?"

"కాలికి పళ్లెం తగిలె సాబ్."

ఆయన చెప్పిన మాటే నేను పాటిస్తున్నానని గ్రహించాడో లేదో ఇప్పటికీ తెలియదు. "పో, దూది ఏరు" అన్నాడు. మళ్లీ ఇళ్లకు పంపలేదు. పెద్దిళ్లవాళ్లు కూడా చేయి వణికే రసూలమ్మ వద్దన్నారు. అంగట్లో మూల కూర్చుని దూది ఏరుతూ, వీధిలో జీపు ఆగితే చాలు, పులివెందుల కబురేమో అని ఉలిక్కిపడేదాన్ని. ఆమెకు తెలిసిందా, తెలియదా? తెలిస్తే ఎప్పుడు చెబుతుంది? ఈ రెండు ప్రశ్నలతోనే ఆ వేసవి గడిచింది. మధ్యలో ఒక మంచి కబురు. సంజీవుడు కడప కోర్టులో లొంగిపోయాడు, ఇక అతని ప్రాణానికి కోర్టు పూచీ.

వానలు పడ్డాక రాములమ్మ నుంచి పిలుపు వచ్చింది, నన్నే రమ్మని. సాయిబు పంపాడు. జమ్మలమడుగు దారి పొడవునా కలిమా చదువుకుంటూ పోయాను.

ఆమె ఇంట్లో వాళ్లను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"ఆ పొద్దు నువ్వు సీసా ఒంపకముందే నాకు తెల్సినాది మ్మే" అంది. "ఆ పిల్ల చెంబు అందిస్తానే తెల్సినాది. నువ్వు పైన పోసింది పచ్చి వాసన. కింద ఉండేది నిన్నటిది."

నేను తలుపు వైపు చూశాను.

"భయపడొద్దు, కూర్చో. మావోళ్లు అడిగిరి, ఏమన్నా తెల్సినాదా అని. ఏమీ ల్యా అంటి."

"ఎందుకమ్మా?"

ఆమె తన అరచేతులు చూసుకుంది. "దాని చెయ్యి పట్టుకుంటి గదా. శానా దినాలకు ఆ వాసన. మా ఆయన ఊరినుంచి వచ్చిన మర్నాడు నా చేతులు గూడా అట్లే వాసనొచ్చేటివి. నేను నోరు తెరిస్తే ఆ పిల్ల గూడా ఇంగ పూసుకోదు. దాంతో మా ఆయన లేసొస్తాడా?"

పెట్టె తెరిచి, సగం వాడిన సీసా తీసింది. ఆయన పోయిన రోజు మూత పెట్టిన సీసా. "నాకెందుకిది. ఆ పిల్లకియ్యి. ఎవరిచ్చినారని చెప్పొద్దు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆ తరువాత ఆ ఇంటినుంచే నాకు మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. రాములమ్మ పిలిచిన మనిషి చేయి వణకదని మిగతా ఇళ్లు కూడా ఒప్పుకున్నాయి.

సీసా తీసుకెళ్లి సుభద్రకు ఇచ్చాను. ఆమె మూత తీసి వాసన చూసింది. చేయి అక్కడే ఆగిపోయింది. మా ఇంటిది కాదే అన్నట్టు నన్ను చూసింది. వాళ్లది మొగలి ఎక్కువది, ఇందులో దవనం ఎక్కువ. ఎవరింటిదో ఆ పిల్లకు తెలుసు, పెండ్లిళ్లలో ఎన్నిసార్లు వాళ్ల పక్కన కూర్చోలేదు. నేను నోరు విప్పలేదు. ఆమె సీసాను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఏడ్చి, తీసుకెళ్లి తన పెట్టెలో అడుగున పెట్టుకుంది.

కేసు సాగి సాగి చివరికి కొట్టేశారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వేరే ఇంటి పని మీద ఆ పల్లెకు పోయి, ఊరకే పలకరిద్దామని వాళ్ల గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాను. లోపలినుంచి గాలి వచ్చింది. దవనం. ఇంకా గంధం దాకా దిగలేదు. ఆ పొద్దున పూసుకున్నది.

సుభద్ర తలుపు దగ్గరికి వచ్చింది. "ఏంది రసూలమ్మక్కా, ఆడ్నే నిలబడితివి?"

"ఏం ల్యా తల్లీ, ఎండ శానా ఉండాది. రోంత నీళ్లియ్యి" అని లోపలికి వెళ్లాను.